పాట యొక్కటి, పంక్తి వేఱు

ఒకే పొయ్యిమీద నుడికిన యన్నమును ఒకే చేతితో వడ్డించుచు, కూర్చుండుటకు మాత్రము వేఱు వరుసలు వేయుటను మన భాషలో పంక్తిభేద మందురు. పాటించినవారు సయిత మది దోషమని యెఱుగుదురు. కావుననే యా మాట నిందావాచకముగానే నిలిచినది. క్రైస్తవసంఘముల ఐకమత్యమును గూర్చి వెలువడు వ్యాసములను చదివినపుడును, దేవాలయములలో జరుగు ప్రసంగములను వినినపుడును మాకీ మాట మరల మరల జ్ఞప్తికి వచ్చుచున్నది. వడ్డన యొక్కటియే యని చెప్పువారు పెక్కండ్రు కలరు. వరుసలను గూర్చి విచారించువారు మాత్ర మఱుదు.

ఐకమత్యమును బోధించువారు తఱచుగా జూపు నిదర్శన మొకటి గలదు. అది ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము. లూథరను సంఘమువారు, బాప్తిస్టులు, మెథడిస్టులు, దక్షిణ ఇండియా సంఘమువారు బాప్తిస్మమిచ్చు పద్ధతియందును, బిషప్పు ఉండవలెనా వలదా యను విషయమునందును భిన్నాభిప్రాయులే. అయినను ఆదివారమున వీరందఱు చేతబట్టునది యా పుస్తకమే. తెలుగు క్రైస్తవు డెచ్చటికి బోయినను పల్లవి యెత్తినంతనే తన యింట నున్నట్లు భావించును. ఈ నిదర్శనమును మేము కాదనము. అయితే దాని బల మెంతవఱకో, ఎచ్చట నది చాలకపోవుచున్నదో విచారింపదలచితిమి. అందుకు సంగారెడ్డి, పటాన్‌చెరు కర్మాగార ప్రాంతమును పరీక్షాస్థలముగా గైకొనుచున్నాము. ఇంతమంది భిన్నభాషల, భిన్నదేశాచారముల క్రైస్తవు లొక్కచో జేరి జీవించు తావులు తెలుగునాట నెక్కువ లేవు.

ఈ సీమయందలి సంఘచరిత్రలో కఱవును కూలియు మొదటినుండియు గలవు. మెదకు మహాదేవాలయమును వెస్లియను మిషనరీయగు చార్లెస్ వాకర్ పాస్నెట్టు కఱవు దినములలో ఆకలిగొన్న జనులకు పనియు అన్నమును గల్పించుచు కట్టించెను. 1914లో మొదలిడిన యా పని పదేండ్లు సాగి, 1924వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠ జరిగెను. నేడు యాత్రికులు తలయెత్తి చూచు నా శిఖరము పొట్టకూటికై రాళ్లు మోసిన వారి కష్టముచే లేచినది. ఆ కాలమున సంఘమున జేరినవారిలో నెక్కువమంది, ఊరికి వెలుపల నుంచబడిన వాడలవారు. ఊరిబావి వారిది కాదు. ఊరిగుడి వారిది కాదు. వారికి తొలిసారి తమదని చెప్పుకొనదగిన కట్టడము దొరికినది. నేడీ ప్రాంతమున దేవాలయముల తాళపుచెవులు చేతబట్టినవారిలో వారి మనుమలు, మునిమనుమలు పెక్కండ్రు కలరు. ఈ సంగతి మున్ముందు మా వాదమునకు ముఖ్యము.

పిమ్మట కాలము మాఱినది. 1960వ దశకమున రామచంద్రాపురమున భారత హెవీ ఎలక్ట్రికల్సు కర్మాగారము వెలసెను. 1972లో పటాన్‌చెరునందు మెట్టపంటల పరిశోధనకై ఇక్రిశాట్ సంస్థ స్థాపింపబడెను. 1970వ దశకమున పటాన్‌చెరు పారిశ్రామికవాడ యేర్పడి, క్రమముగా పాశమైలారము, ఇస్నాపూరు, బొల్లారము, జిన్నారము వఱకు కర్మాగారములు వ్యాపించినవి. మొదట వచ్చినవారు చదువును చేతిపనియు నేర్చిన తమిళులు, మలయాళులు, కోస్తా జిల్లాల తెలుగువారు. వీరికి నిలుకడగల జీతములును ఇండ్లును గలవు. కావున తమ తమ ప్రార్థనాలయములను దాము కట్టుకొనగలిగిరి. ఆ తరువాత వచ్చినవారు ఒడిశా, జార్ఖండు, బీహారు, పశ్చిమ బెంగాలు మొదలగు రాష్ట్రముల కూలివారు. వీరిలోను క్రైస్తవులు గలరు. జార్ఖండునందలి ముండా, ఉరావు జనులలో జర్మను దేశపు గోస్నరు మిషను 1845లోనే పని మొదలిడినది. అనగా మెదకు దేవాలయమునకు పునాది వేయుటకు డెబ్బదేండ్లకు ముందుమాట. వీరు నిన్న మొన్న విశ్వసించినవారు కారు. మనకంటె పాతకాపులే.

తెలుగువారిలోనే యెన్ని తెగలో కూడ జెప్పవలసియున్నది. పూర్వము మిషనులవారు తమలో తాము పోటీపడకుండుటకై దేశమును పంచుకొనిరి. గుంటూరు సీమ లూథరనులది, నెల్లూరు ఒంగోలు సీమలు అమెరికను బాప్తిస్టులవి, కాకినాడ ప్రాంతము కెనడా బాప్తిస్టులది, కృష్ణా సీమ ఆంగ్లికనులది, కడప లండను మిషనువారిది, మెదకు వెస్లియనులది. ఆ యేర్పాటు సదుద్దేశముతో జరిగినదే. అయితే దానివలన నొక చిత్రమైన ఫలితము గలిగినది. మనుష్యుని మతశాఖ యతని విచారమువలన గాక యతడు పుట్టిన జిల్లావలన నిర్ణయమైనది. కర్మాగారమున ప్రక్కప్రక్కను నిలిచి పనిచేయు నిరువురు తెలుగు క్రైస్తవులలో నొకడు లూథరను, ఒకడు బాప్తిస్టు అయినచో, దానికి కారణము వేదాంతము కాదు, పటము.

ఇట్టి చోట ఆదివార మెట్లు గడచుచున్నది? మేమెఱిగిన యొక సంఘమునందు ఉదయము తెలుగు ఆరాధన జరుగును. దేవాలయము నిండును, కీర్తనలు చక్కగా పాడుదురు. పదకొండు గంటలు దాటగానే తలుపులకు తాళము పడును. అచ్చటికి ఫర్లాంగు దూరమున, దుకాణములకై కట్టిన రేకులగదిని అద్దెకు దీసికొని, మధ్యాహ్నము మొదటి షిఫ్టు ముగిసినపిమ్మట ఒడియా కూలివారు ముప్పది నలువదిమంది ప్రార్థన చేయుదురు. వేసవిలో నా రేకులక్రింద నొక గంట కూర్చుండుట తపస్సే. ఖాళీగానున్న దేవాలయమును మధ్యాహ్నము తమ కిప్పింపుమని వారడిగిరి. ఎవరును కాదనలేదు. కమిటీలో పెట్టెదమనిరి. మూడు కమిటీలు గడచినవి, విషయము పెట్టబడలేదు. క్రిస్మసునాడు మాత్రము వారిని వేదికపైకి బిలిచి యొక పాట పాడించి, దుప్పట్లు పంచి, ఫొటో తీయించిరి. ఆ ఫొటోక్రింద ఐకమత్యమును గూర్చిన వాక్య మొకటి వ్రాయబడినది.

ఇందులో దుష్టులెవరును లేరు. దుప్పట్లు పంచినవారు జాలిగలవారే. అయితే జాలి యొకటి, ఐకమత్యమొకటి. జాలియందు ఇచ్చువాడు కూర్చుండును, పుచ్చుకొనువాడు నిలుచుండును. ఐకమత్యమున నిరువురు కూర్చుందురు. మన పత్రికలలోని వ్యాసము లీ రెంటిని ఒకటిగా జేసి చెప్పుటయే మా మొదటి యాక్షేపము.

ఇక కీర్తనల పుస్తకమునకు వత్తము. ఈ పుస్తకమున నధికముగా పాడబడు కీర్తనలు పురుషోత్తమ చౌధరిగారివి. ఆయన 1803లో పర్లాకిమిడి ప్రాంతమున జన్మించెను. ఆ సీమ నేడు ఒడిశాలోని గజపతి జిల్లా. ఆయన పూర్వికులు వంగదేశపు బ్రాహ్మణులు. ఒడియా, తెలుగు, సంస్కృతము నేర్చి, 1833లో కటకమునందు బాప్తిస్మము పొంది, శ్రీకాకుళము, విశాఖపట్టణ ప్రాంతములలో బోధకుడుగా బహుకాలము పనిచేసి, 1890లో దివంగతుడయ్యెను. చదువరు లీ సంగతిని నిదానించి చూడవలెను. తెలుగు క్రైస్తవుడు తన హృదయభాషయని చెప్పుకొను కీర్తనలలో శ్రేష్ఠమైనవి యొక వంగకుటుంబమున, ఒడియా సీమలో బుట్టినవాని చేతినుండి వచ్చినవి. రేకులగదిలో నేడు ప్రార్థించువారు ఆయన పుట్టిన గడ్డవైపునుండి వచ్చినవారు. వారి పూర్వికుడు మనకు పాట యిచ్చెను. మనము వారికి తాళము చూపుచున్నాము.

సాహిత్యదృష్టితో జూచినను ఈ పుస్తకము మనకు మంచి పాఠమును జెప్పుచున్నది. అందు రెండు విధములగు పాటలు గలవు. పల్లవియు చరణములును గలిగి, రాగతాళములు సూచింపబడిన కీర్తన లొక విధము. ఆంగ్లేయ గీతములను వాని స్వరములతోడనే తెనుగు చేసినవి రెండవ విధము. రెండవ విధపు పాటలలో హ్రస్వము దీర్ఘమై, దీర్ఘము హ్రస్వమై, మాట యొకచోట విఱిగి స్వరము మఱియొకచోట ఆగుచుండును. అర్థము శుద్ధమే, అయినను తెలుగు నాలుక దానిని మోయుచున్నదే కాని పాడుచున్నట్లు తోచదు. మొదటి విధపు కీర్తనలలో నట్టి పెనుగులాట లేదు. భక్తుడు స్వామి పాదములను బట్టుకొని వేడుకొను ధోరణి, మన భాషలో తరతరములుగా నున్న కీర్తనల ధోరణియే. చౌధరిగారు తమ క్రొత్త విశ్వాసమును తెలుగువారి పాతబాణిలోనే పలికించిరి. తంబురతో కూర్చుండినవాడును, తాళములతో వీధినబడి పోవువాడును దానిని తమదిగా జేసికొనగలిగిరి.

ఈ రెండు విధముల పాటలకు గల భేదమే రెండు విధముల ఐకమత్యములకును గల భేదమని మా యభిప్రాయము. ఒక పద్ధతిలో నాతిథేయుడు తన స్వరమును ముందే నిర్ణయించి, వచ్చినవాడు తన మాటలను దానిలో నిఱికించుకొనవలెనని కోరును. రెండవ పద్ధతిలో వచ్చినవాడు లోనికి వచ్చి, లోనివాడు చోటిచ్చి, ఇరువురికిని చెందిన క్రొత్తపాట పుట్టును. మన సంఘములు పరభాషీయులను మొదటి పద్ధతిని పిలుచుచున్నవి. తెలుగు కీర్తన పాడగలిగినచో రండు, కూర్చుండుడు, మా క్రమమును నేర్చుకొనుడు అనుచున్నవి. ఒకనాడు పాశ్చాత్యులు మనలను పిలిచిన రీతి యిదియే కదా! అప్పుడు మనకు కష్టము దోచినది. ఇప్పుడు మనము చేయుచుండగా న్యాయమని తోచుచున్నది.

కీర్తన చేయలేని పని యింకొకటి గలదు. అది పెదవుల నేకము చేయును. వరుసల నేకము చేయదు. చౌధరిగా రీ సంగతి నెఱిగినవారే కాబోలు. వారు కీర్తనలతో తృప్తినొందక కులాచార పరీక్ష యను గ్రంథమును గూడ రచించిరి. మన సంఘములు వారి కీర్తనలను కంఠస్థము చేసినవి. ఆ పరీక్షకు మాత్రము కూర్చుండలేదు. ఒక్క పుస్తకమునే చేతబట్టి పాడిన రెండు కుటుంబములు, పెండ్లి మాట వచ్చునప్పటికి మాలయనియు మాదిగయనియు, ఆ జిల్లావారనియు ఈ జిల్లావారనియు విడిపోవుచున్నవి. సంఘమున నెన్నికలు వచ్చినపుడు బిషప్పు మొదలు గ్రామపెద్ద వఱకు ఓటు ఏ వాడవారిదో ముందుగా లెక్క వేయబడుచున్నది. తమలో తామీ భేదమును తుడిచికొనని సంఘము పరభాషీయునకు చోటిచ్చునని యెట్లు నమ్మవచ్చును?

పాటకంటె గట్టిదగు ఐకమత్యప్రయత్నము మన దేశమున జరుగకపోలేదు. 1919లో తరంగంబాడియందు కొందఱు సంఘసేవకులు కూడి, శాఖాభేదములు మనవి కావనియు, పరదేశముల కలహములను మనము వారసత్వముగా మోయుచున్నామనియు గుర్తించి, ఏక సంఘమునకై పిలుపు నిచ్చిరి. వారిలో ముఖ్యుడు దోర్నకల్ బిషప్పు వి. యస్. అజరయ్యగారు. ఇరువదియెనిమిదేండ్ల చర్చల పిమ్మట, 1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసునందలి సెయింటు జార్జి దేవాలయమున ఆంగ్లికనులు, వెస్లియను సంప్రదాయపు మెథడిస్టులు, ప్రెస్బిటేరియను కాంగ్రిగేషనలు సంప్రదాయములు గల దక్షిణ ఇండియా ఐక్య సంఘమువారు కలిసి దక్షిణ ఇండియా సంఘముగా నేర్పడిరి. లూథరనులు, బాప్తిస్టులు వెలుపలనే యుండిరి. అయినను బిషప్పులు గల శాఖయు లేని శాఖలును కలియుట ప్రపంచ క్రైస్తవచరిత్రలో నంతకుముందు జరుగని విషయము.

ఆ కలయిక యెట్లు సాధ్యమయ్యెను? అందఱు నొకే పాట పాడుటవలన గాదు. ప్రతివారును దమకు ప్రియమైనదానిలో కొంత విడుచుటవలన. బిషప్పు లేని శాఖలవారు బిషప్పు నంగీకరించిరి. బిషప్పు గల శాఖవారు, ఇతర శాఖల గురువులను మరల నభిషేకింపకయే గురువులుగా నంగీకరించిరి. ఏ సంఘముపైనను దాని కలవాటులేని యారాధనాక్రమమును బలవంతముగా రుద్దరాదని కూడ మాట యిచ్చుకొనిరి. 1950లో వెలువడిన సంస్కారక్రమమున, సురియాని క్రైస్తవుల యాచారమునుండి గైకొని, సమాధానమును చేతినుండి చేతికి అందించు నొక పద్ధతిని జేర్చిరి. గురువు మొదలుకొని కడపటి వరుసవాని వఱకు నది పోవలెను. ఒక్క చేయి తప్పినను గొలుసు తెగును. ఆ క్రమమును రచించినవారి యుద్దేశ మింతకంటె స్పష్టముగా చెప్పనక్కఱలేదు.

అజరయ్యగారి జీవితము మా విషయమునకు మఱింత దగ్గఱ. ఆయన తమిళుడు, తిరునెల్వేలి సీమవాడు. తెలుగు నేర్చి, నైజాము రాజ్యమునందలి దోర్నకలుకు వచ్చి, తెలుగు పల్లెలలోని పేదలకు కాపరియయ్యెను. 1912లో ఆంగ్లికను సంఘమున తొలి భారతీయ బిషప్పుగా నభిషిక్తుడయ్యెను. అంతకు రెండేండ్ల ముందు ఎడింబరో మహాసభయందు ఆయన పాశ్చాత్య మిషనరీల నుద్దేశించి, మీ త్యాగములకు మేము కృతజ్ఞులమే కాని మాకు వలసినది మీ స్నేహమను నర్థము వచ్చునట్లు నిర్భయముగా మాటలాడెను. దానము చేయువాడు బంతిలో ప్రక్కను గూర్చుండడని యాయన మనోవ్యథ. 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠింపబడిన దోర్నకల్ దేవాలయమును జూచినవారు, హిందూ మందిరముల స్తంభములును మహమ్మదీయ కట్టడముల గుమ్మటములును అందు కలిసియుండుట గమనించియుందురు. ఏక సంఘమును కన్నులార జూడకయే 1945 జనవరి 1వ తేదీన ఆయన కన్నుమూసెను. పరదేశీయుడని తెలుగువారు తలుపు మూసియుండిన యెడల మనకీ చరిత్రయే లేదు.

మా వాదమునకు ఆక్షేపణలు గలవు. మాతృభాషలో ప్రార్థించుట మనుష్యున కవసరము కాదా, ఒడియావారు వేఱుగా గూడుటలో దోషమేమి యని కొంద ఱడుగుదురు. దోషము లేదు. పెంతెకొస్తునాడు ప్రతివాడును దన దన భాషలోనే వినెనని కదా గ్రంథము చెప్పుచున్నది. వేఱు భాషలో ప్రార్థించుట భేదము కాదు. వేఱు కప్పుక్రింద, వేఱు సంచితో, వేఱు సమాధులతోటతో బ్రదుకుట భేదము. ఆరాధన లెన్నియైన నుండవచ్చును. సంఘపుస్తక మొక్కటియే యుండవలెను.

కూలివారు నేడుండి రేపు పోవుదురు, వారిని కమిటీలో నెట్లు చేర్చుదుమని మఱికొంద ఱందురు. ఇది విచారింపదగిన మాటయే. అయితే పోవువాడు పోయినను వచ్చువారు వచ్చుచునే యున్నారు. ఒక్కొక్క మనుష్యుడు మాఱును, ఆ జనసమూహము మాఱదు. ఏడాదికొకసారి వారిలోనుండి వారే యెన్నుకొను నిద్దఱికి కమిటీలో స్థానమిచ్చినచో నేమి చెడును? ఉద్యోగరీత్యా మూడేండ్లకొకసారి బదిలీయగు నధికారిని సంతోషముగా గోశాధికారిగా నెన్నుకొనుచున్న మనము, కూలివాని బదిలీని మాత్రమేల గొప్ప యడ్డంకిగా జూతుము?

ఇంగ్లీషు ఆరాధన పెట్టినచో నందఱు కలియుదురను వారును గలరు. కర్మాగారపు టౌనుషిప్పులోని యింజనీరును, కందియందలి ఐ. ఐ. టి. విద్యార్థియు దానివలన కలియుదురు, అది మేలే. అయితే యది చదువుకొన్నవారి కలయిక. లోడు దింపువాడును, బాయిలరువద్ద నిలుచువాడును ఆ తలుపులో బ్రవేశింపజాలరు. భాషాభేదము పోయి తరగతిభేద మేర్పడును.

వాడలవారే తరతరములుగా నవమానము ననుభవించి, కష్టపడి సంపాదించుకొన్న దేవాలయపు హక్కులను పరులకేల పంచవలెనను ప్రశ్న కడపటిది, అన్నిటికంటె బరువైనది. దీనిని తేలికగా కొట్టివేయువారు ఆ చరిత్ర నెఱుగనివారు. తనదని చెప్పుకొన నొక్క కట్టడమే గలవాడు దానిని గట్టిగా బట్టుకొనుట సహజము. మే మాయన మనస్సును నొప్పింపదలపము. అయితే యొక సంగతిని మనవి చేయుదుము. హక్కు పంచుకొన్నంతమాత్రమున తఱుగదు. బావివద్ద నిలువబెట్టబడినవాని కడుపుమంట యాయనకు దెలిసినంతగా కోస్తాదేశపు సంపన్నసంఘమునకు దెలియదు. కావున నీ కార్యమునకు ముందుగా నడుగువేయదగినవాడు ఆయనయే.

ఆదిమ యెరూషలేము సంఘమున నిట్టి చిక్కే వచ్చినది. అనుదిన పరిచర్యలో గ్రీకుభాష మాటలాడు విధవరాండ్రను నిర్లక్ష్యము చేయుచున్నారని సణుగు పుట్టెను. అపొస్తలులు వారికి దుప్పట్లు పంపలేదు, సర్దుకొనుడని ప్రసంగింపలేదు. ఆ పని జూచుటకు ఏడుగురిని ఎన్నుకొనుడనిరి. ఎన్నుకొనబడిన యేడుగురి పేర్లును గ్రీకు పేర్లే. అనగా ఫిర్యాదు చేసినవారి పక్షముననుండియే వడ్డించువారిని నియమించి, మొత్తము సంఘము యొక్క గరిటెను వారి చేతి కిచ్చిరి. ఐకమత్యమును గూర్చి మేము చదివిన వ్యాసములలో నీ ఘట్టమును స్మరించినవారు గలరు. ఆ యేడు పేర్ల భాషను గమనించినవారు మాత్రము మాకు గానరాలేదు.

2025 జూన్ 30వ తేదీన పాశమైలారమునందలి యొక ఔషధ కర్మాగారమున ప్రేలుడు సంభవించి నలువదిమందికి మించి చనిపోయిరి. వారిలో ననేకులు ఒడిశా, బీహారు, ఉత్తరప్రదేశము మొదలగు చోట్లనుండి వచ్చిన కూలివారు. కొందఱి దేహములను గుర్తుపట్టుటయే దుస్సాధ్యమై, రక్తసంబంధుల పరీక్షలతో నిర్ణయింపవలసివచ్చెను. వారే మతమువారని విచారించుట మా యుద్దేశము కాదు. అయితే ప్రతి సంఘపెద్దయు నొక ప్రశ్నను తన్ను తానడుగుకొనవలెను. మన దేవాలయమునకు ఫర్లాంగు దూరమున బ్రదుకు పొరుగువాడు రేపొకనా డట్లు పోయినయెడల, అతడు మనవాడని చెప్పుటకు మన పుస్తకములో నతని పేరున్నదా? అతని భార్యకు కబురంపుటకు ఆమె యూరిపేరు మనలో నెవరికైన దెలియునా? అతనిని మన సమాధులతోటలో నుంచుటకు కమిటీలో పెట్టవలసివచ్చునా? పేరు వ్రాసికొనుట చిన్నపనియే. ఆపదవేళ మనుష్యుడు సంఘమునకు జెందినవాడో, అనాథయో తేల్చునది యా చిన్నపనియే.

చేయదగిన పనులు కష్టమైనవి కావు. మధ్యాహ్నపు తాళమును దీయుట మొదటిది. అన్ని భాషలవారిని ఒకే సభ్యత్వపుస్తకమున వ్రాయుట రెండవది. కమిటీలోను, కానుకల లెక్కలోను, సమాధులతోటలోను సమానమైన భాగ మిచ్చుట మూడవది. నెలకొక ఆదివారము పాఠమును రెండు భాషలలో చదివించుట నాలుగవది. అన్నిటికంటె మాకు ప్రియమైనది కీర్తనల పుస్తకమునకు సంబంధించినది. ఒడియా, సాద్రీ, హిందీ పాటలు కొన్నిటిని తెలుగులిపిలో, తెలుగు తాత్పర్యముతో నచ్చువేసి యనుబంధముగా జేర్చవలెను. చౌధరిగారి కీర్తనలను ఒడియాలిపిలో నచ్చువేసి వారి చేతికీయవలెను. తెలుగుబడిలో జదువుచున్న కూలివారి పిల్లలు రెండుభాషలను సులభముగా పలుకుచున్నారు. ఈ పనికి వారే గురువులు. వారిని ఆదివారపు బడిలో వెనుకబల్లమీద గూర్చుండబెట్టక, పాట చెప్పించుటకు ముందు నిలుపవలెను. అనుబంధ మచ్చయినచో ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము, ఐకమత్యవాదులు దానిపై మోపిన మాటకు దగినదగును.

ఆ రేకులగదికి మేము కడపటిసారి పోయినపుడు పాట ముగిసినది, వంట సాగుచున్నది. ప్రేమవిందునకై బియ్యము, పప్పు తలాకొంచెము తెచ్చియుండిరి. చాప పఱచి మమ్ములను కూర్చుండుమనిరి. మేము మొగమాటముతో చివర కూర్చుండబోగా, ఒక వృద్ధుడు జరిగి నడుమ చోటిచ్చెను. ఆయన భాష మాకు రాదు, మా భాష యాయనకు రాదు. అద్దెగదిలో నున్నవారు మాకు బంతి నడుమ చోటిచ్చిరి. సొంత కట్టడము గలవారము వారికెచ్చట చోటిత్తుమో, రాబోవు కమిటీలో తేలవలసియున్నది.